పుట్ట దగ్గర వచ్చే చిన్న పుట్టగొడుగులు, పెద్ద పుట్టగొడుగులు ఒకటేనా?

మీ ప్రశ్న ఇదీ. పుంగనూరు దగ్గర మీ మామిడితోపులో తొలకరి వానలకు వేలిగోరంత తెల్ల పుట్టగొడుగులు నేలంతా చల్లినట్టు వచ్చాయి. మళ్లీ సెప్టెంబర్‌లో, దాదాపు అదే చోట, అరచెయ్యంత పెద్దవి లేచాయి. చిన్నవి పెద్దవాటి పిల్లలేనా, అప్పుడు కోయకుండా వదిలేసి ఉంటే పెద్దవయ్యేవా, రెండూ తినొచ్చా అని అడిగారు.

కావు. చిన్నవాటిని ఎన్ని రోజులు వదిలేసినా పెద్దవి కావు. రెండు రోజుల్లో అంచులు చీలి, వడిలి, మట్టిలో కలిసిపోతాయి. మీరు రాసిన వివరాలు, పెట్టిన ఫొటోలు చూస్తే ఇవి రెండు వేర్వేరు జాతులు. ఒకే ప్రజాతికి చెందిన దగ్గరి చుట్టాలు, అంతే. చిన్నది టెర్మిటోమైసిస్ మైక్రోకార్పస్, పెద్దది టెర్మిటోమైసిస్ హైమియై. రెండూ తినే రకాలే. అయితే ‘తినొచ్చు’ అనే మాట రెండింటికీ ఒకే ధైర్యంతో చెప్పలేను. ఎందుకో కింద రాస్తాను.

నేను తిరుపతిలో డిగ్రీ పిల్లలకు బోటనీ చెప్పి రిటైరైనవాణ్ణి. సొంతూరు పలమనేరు వైపు. వానాకాలంలో పుట్టల వెంబడి తిరగడం చిన్నప్పటి నుంచి అలవాటు. ఆ తర్వాత మైక్రోస్కోపు తోడైంది. కాబట్టి చదివినదీ చూసినదీ కలిపి చెప్తున్నాను.

తేడా మట్టి కింద ఉంది. ఇది పట్టుబడితే మిగతాదంతా సులువు. పైకి కనిపించే గొడుగును మాత్రమే చూస్తే, ఒకటి చిన్నది, ఒకటి పెద్దది అన్నంత వరకే తెలుస్తుంది. చిన్నది పిల్ల, పెద్దది తల్లి అనుకోవడం కూడా అక్కడి నుంచే వస్తుంది.

ముందు పుట్టలో ఏం జరుగుతుందో చూడండి. మన ప్రాంతంలో ఓడాంటోటెర్మిస్ అనే చెదపురుగులు ఎండాకు, పుల్లలు, గడ్డి, పేడ తెచ్చి నమిలి మింగుతాయి. వాటి కడుపులో అది పూర్తిగా అరగదు. సగం అరిగి బయటికొచ్చిన దానితో గూటి లోపల మెత్తటి, బొరియల బొరియల ముద్దలు కడతాయి. ఆ ముద్ద మీద ఒక బూజును పెంచుతాయి. చెదలు అరిగించుకోలేని గట్టి నారను ఆ బూజు విరగ్గొడుతుంది. ముద్ద మీద ఆవగింజంత తెల్లటి ఉండలు వస్తాయి. చెదలు వాటినీ తింటాయి, పాతబడిన ముద్దనూ తింటాయి. అంటే ఇది సేద్యమే. మనుషులు వ్యవసాయం మొదలుపెట్టడానికి కోట్ల ఏళ్ల ముందే ఆఫ్రికాలో ఈ చెదలు మొదలుపెట్టాయి. మనం కోసుకునే పుట్టగొడుగు, ఆ బూజు విత్తనాలు చల్లుకోవడానికి పైకి పంపే భాగం.

ఇప్పుడు హైమియై సంగతి. ఇది లోపలి ముద్ద మీదే మొదలవుతుంది. అక్కడి నుంచి జానెడో, మూరెడో, ఒక్కోసారి అంతకంటే ఎక్కువో మట్టిని తోసుకుంటూ పైకి రావాలి. అందుకే దాని గొడుగు నడినెత్తిన గట్టిగా, మొద్దుగా ఒక బొడిపె ఉంటుంది. మట్టిని చీల్చేది అదే. కాడ కింద వేరులాంటి పొడవాటి తోక గూటి దాకా పోతుంది. అది నిజంగా వేరు కాదు, నీళ్లూ తాగదు, గూటి నుంచి నేల పైదాకా సాగిన కాడే. కాడకు పైభాగంలో మందంగా ఒక ఉంగరం ఉంటుంది, ముదిరినా ఊడిపోదు. గొడుగు తెల్లగా ఉండి, నడుమ బూడిద రంగో లేత గోధుమ రంగో తిరుగుతుంది. విచ్చుకున్నాక అరచెయ్యంత అవుతుంది, కొన్ని అంతకంటే పెద్దవి. మొగ్గగా ఉన్నప్పుడు మొదటిసారి చూసినవాళ్లు దాన్ని పుట్టగొడుగు అనుకోరు.

మైక్రోకార్పస్‌కు ఈ కష్టమేదీ లేదు. చెదలే పని చేసి పెడతాయి. వానలు పడి నేల మెత్తబడ్డాక, లోపలి ముద్దను ముక్కలు ముక్కలుగా బయటికి మోసుకొచ్చి పుట్ట చుట్టూ నేల మీద పలచగా పరుస్తాయి. ఆ పొర మీద వందల్లో, ఒక్కోసారి వేలల్లో, చిన్న చిన్న గొడుగులు లేస్తాయి. గొడుగు వెడల్పు ఒకటి, రెండు సెంటీమీటర్లు, బాగా విచ్చుకుంటే రెండున్నర. కాడ అగ్గిపుల్లంత సన్నం. ఉంగరం ఉండదు. పొడవాటి తోక ఉండదు. పైనున్న మట్టిని గోటితో గీకితే ఆ ముద్ద ముక్కలు గోధుమ రంగు నలుసుల్లా దొరుకుతాయి. అవి కనిపించాయంటే నాకు సగం నమ్మకం వచ్చేస్తుంది.

మీరు ‘చల్లినట్టు’ అని రాశారే, ఆ ఒక్క మాటతోనే నాకు ఇది మైక్రోకార్పస్ అని అనుమానం వచ్చింది. నిజంగానే చల్లినవి అవి, చెదలు చల్లినవి.

రెండూ ఒకే చోట వచ్చాయి కదా అంటారా? మామిడితోపులో నాలుగు గజాల నేల కింద రెండు వేరు వేరు గూళ్లు ఉండటం వింతేమీ కాదు. ఓడాంటోటెర్మిస్‌లో కొన్ని జాతులు నిలువెత్తు పుట్టలు కడతాయి, కొన్ని పైకి మట్టి కుప్పే లేకుండా నేలలోపలే ఉంటాయి. ‘పుట్టే లేదు, పుట్టగొడుగు ఎలా వచ్చింది’ అని చాలామంది అడిగేది ఇందుకే. పుట్ట ఉంది, మనకు కనబడటం లేదు.

మన వైపు ఈ తోక సంగతి ఎక్కువమందికి తెలియకపోవడానికి ఇంకో కారణం ఉందని నా అభిప్రాయం. మనం పుట్టను తవ్వం. తిరుమలలో స్వామి పుట్టలో ఉంటే ఆవు వచ్చి పాలు వదిలిందన్న కథ వింటూ పెరిగినవాళ్లం. నాగుల చవితికి మన ఊళ్లో పుట్టలో పాలు పోస్తాం. అలాంటి చోట గడ్డపార వేసేదెవరు? పుట్టగొడుగును నేలకు సమానంగా తెంపుకుని ఇంటికొస్తాం, తోక మట్టిలోనే ఉండిపోతుంది. నేనూ పుట్టను తవ్వమని చెప్పను. పక్కన కర్రతో మట్టిని కొంచెం వదులు చేసి, కాడను మెల్లగా ఊపుతూ లాగితే బెత్తెడో జానెడో తోక వస్తుంది. గుర్తుపట్టడానికి అంత చాలు. చేతులు మాత్రం బొక్కల్లో పెట్టకండి. చెదలు వదిలేసిన పుట్టలో పాములుంటాయన్నది ఉత్త నమ్మకం కాదు.

ఈ తోక ఉందా లేదా అన్న దాని మీద శాస్త్రవేత్తలు కూడా వాదించుకున్నారు. చిన్నదాన్ని బర్క్‌లీ, బ్రూమ్ అనే ఇద్దరు 1871లో సిలోన్ (ఇప్పటి శ్రీలంక) నుంచి వచ్చిన నమూనాలతో వర్ణించారు. అప్పటికి టెర్మిటోమైసిస్ అనే ప్రజాతి లేదు. దాన్ని 1942లో ఫ్రాన్స్‌కు చెందిన రోజే హైమ్ ఏర్పరిచి, చిన్నదాన్నీ అందులో చేర్చాడు. 1945లో సింగర్ అనే మరో శాస్త్రవేత్త చిన్నదాన్ని అందులోంచి తీసేసి, పొడాబ్రెల్లా అనే వేరే ప్రజాతిలో పెట్టాడు. తర్వాత 2000 దాటాక డీఎన్‌ఏ పోల్చి చూస్తే చిన్నది టెర్మిటోమైసిస్ మధ్యలోనే వచ్చి కూర్చుంది. తోక లేకపోయినా ఆ వంశమే. పెద్దదాన్ని మాత్రం మన పొరుగునే, తమిళనాడులో గుర్తించారు. మద్రాసు విశ్వవిద్యాలయానికి చెందిన కె. నటరాజన్ 1979లో దాన్ని కొత్త జాతిగా ప్రకటించి, హైమ్ గౌరవార్థం ఆ పేరు పెట్టారు. మన తాతలు సంగటిలోకి పులుసు చేసుకుని తిన్నదానికి శాస్త్రంలో పేరు వచ్చింది 1979లోనన్నమాట.

సైజు చూసి చుట్టరికం తేల్చకూడదు అనడానికి ఇదే ప్రజాతిలో ఇంకో ఉదాహరణ ఉంది. ఆఫ్రికాలో టెర్మిటోమైసిస్ టైటానికస్ అని ఒకటుంది. దాని గొడుగు మీటరు వెడల్పు దాకా పెరుగుతుంది. అదీ, మీ తోపులోని గోరంతదీ ఒకే ఇంటివి.

మీకు ఇంకొకటి కూడా ఎదురుకావచ్చు, చెప్పి వదిలేస్తాను. మధ్యరకం సైజు, బూడిద-గోధుమ రంగు గొడుగు, నెత్తిన సూదిలాంటి మొన, తోక ఉంటుంది, ఉంగరం ఉండదు. అది టెర్మిటోమైసిస్ క్లిపియాటస్. తినేదే. ఉంగరం లేదు కాబట్టి ఇది పెద్దయిన మైక్రోకార్పస్ అనుకోవద్దు. తోక చూడండి.

ఇక తినే సంగతి.

నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది చిన్నదే. పెద్దదానికి గుర్తులు ఎక్కువ: తోక, నెత్తిన బొడిపె, ఊడని ఉంగరం. మూడూ ఉంటే పొరపాటు పడటం కష్టం. చిన్నదానికి గుర్తులన్నీ ‘లేదు’లే. తోక లేదు, ఉంగరం లేదు, సైజు లేదు. సన్నకాడతో తెల్లగా, చిన్నగా వచ్చే పుట్టగొడుగులు లెక్కలేనన్ని. వాటిలో విషపువీ ఉన్నాయి. అందుకని చిన్నదాన్ని నేను ఈ గుర్తులన్నీ కలిస్తేనే ఒప్పుకుంటాను: గుంపుగా నేల మీద పరుచుకుని ఉండాలి, కింద ముద్ద నలుసులు దొరకాలి, నెత్తిన చిన్న మొన ఉండాలి, గొడుగు కింది రేకులు కాడను అంటకుండా విడిగా ఉండాలి, బీజాల అచ్చు (గొడుగు నుంచి రాలే పొడి కాగితం మీద వదిలే గుర్తు) లేత గులాబీ రంగులో పడాలి. వీటిలో ఒక్కటి తప్పినా వండను.

బీజాల అచ్చు తీయడం ఇంట్లో అయ్యే పనే. కాడ కోసేసి, గొడుగును రేకులు కిందికి ఉండేలా కాగితం మీద బోర్లించి, పైన గ్లాసు మూసి రాత్రంతా వదిలేయండి. సగం తెల్ల కాగితం, సగం నల్ల కాగితం అంటించి దాని మీద పెడితే ఏ రంగైనా తెలుస్తుంది. చిన్నవైతే నాలుగైదు పక్కపక్కన పెట్టాలి, ఒక్కదానితో అచ్చు సరిగా కనిపించదు. మన రెండింటికీ అచ్చు లేత గులాబీ, లేదా గులాబీ కలిసిన మీగడ రంగు వస్తుంది.

కానీ గులాబీ అచ్చు వచ్చింది కదా అని నేరుగా పొయ్యి మీద పెట్టేయకండి. ఎంటొలోమా అనే ప్రజాతికీ గులాబీ అచ్చే వస్తుంది, అందులో విషపువి ఉన్నాయి. తేడా ఏంటంటే ఎంటొలోమాలో రేకులు కాడకు అతుక్కుని ఉంటాయి. పుట్టగొడుగును నిలువుగా చీల్చి చూస్తే కనిపిస్తుంది.

పెద్దదాని పోలికతో మోసం చేసేది ఒకటుంది, క్లోరోఫిల్లమ్ మోలిబ్డైటిస్. తెల్ల గొడుగు, పైన గోధుమ రంగు పొలుసులు, కాడకు ఉంగరం. లాన్లలో, పెంటకుప్పల దగ్గర, పచ్చిక మీద వలయాలుగా వస్తుంది. తిరుపతిలో కాలేజీ గ్రౌండ్లలోనూ పార్కుల్లోనూ వానలకు నేను తరచూ చూసేది ఇదే. దాని ఉంగరం పైకీ కిందికీ జరుగుతుంది, తోక ఉండదు, ముదిరేకొద్దీ రేకులు ఆకుపచ్చగా మారతాయి, అచ్చు కూడా ఆకుపచ్చే. తిన్న గంట నుంచి మూడు గంటల్లోపు వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. లేతగా ఉన్నప్పుడు రేకులు తెల్లగానే ఉంటాయి కాబట్టి రంగు చూసి ధైర్యపడొద్దు.

అమానిటా అనే ప్రజాతి పుట్టగొడుగులు ఇంకా ప్రమాదం. వాటి అచ్చు తెల్లగా ఉంటుంది. కాడ మొదట్లో చాలావాటికి గిన్నెలాంటి తిత్తి ఉంటుంది. నేలకు సమానంగా తెంపితే ఆ తిత్తి మట్టిలో ఉండిపోతుంది, మీకు కనిపించదు. అడుగు దాకా తీసి చూడమని నేను పట్టుబట్టేది ఇందుకే. కొన్ని అమానిటాల విషం తిన్న ఆరు, పన్నెండు గంటల తర్వాత గానీ బయటపడదు. వాంతులై, ఒక రోజు తగ్గినట్టే ఉండి, తర్వాత కాలేయం దెబ్బతింటుంది. వండినా, ఉడికించి నీళ్లు పారబోసినా ఆ విషం పోదు. తగ్గిందని ఇంట్లో కూర్చోకండి. మిగిలిన పుట్టగొడుగు ముక్క, కూర కూడా పట్టుకుని ఆసుపత్రికి వెళ్లాలి. తిన్న టైము, వాంతులు మొదలైన టైము డాక్టరుకు చెప్పాలి. వైద్యం సగం దాని మీదే నడుస్తుంది.

మీరు రాసిన వెండి చెంచా పరీక్ష (కూరలో వేసిన చెంచా నల్లబడితే విషమని), అలాగే ఉల్లిపాయ నల్లబడే పరీక్ష, ‘పురుగు తిన్నదైతే మనమూ తినొచ్చు’ అనే మాట, మూడూ పనికిరావు. వెండి నల్లబడటానికీ ఈ విషాలకీ సంబంధం లేదు. పురుగు కడుపు వేరు, మన కడుపు వేరు. మా ఇంట్లోనూ పెద్దవాళ్లు చెంచా వేసేవాళ్లు. వాళ్లు బతికింది చెంచా వల్ల కాదు. ఏ పుట్ట దగ్గర ఏది వస్తుందో ఏళ్ల తరబడి చూసి తెలిసినవాళ్లు కాబట్టి ముందే సరైనది కోసుకొచ్చేవాళ్లు.

మీ తోపు గురించి ఒక ప్రశ్న. చెదలకు మందు పోశారా? మామిడి మొక్కల మొదళ్లలో క్లోరోపైరిఫాస్ పోయడం మన జిల్లాలో మామూలే. పోసి ఉంటే ఆ చుట్టుపక్కల పుట్టగొడుగు ఏ జాతిదైనా సరే ముట్టుకోకండి. మందు తీవ్రంగా పడితే చెదలు చస్తాయి, వాటితో ఆ బూజూ పోతుంది. అలా పాడుబడిన గూటి నుంచి కొన్నాళ్లకు నల్లటి, గట్టి పుల్లల్లాంటివి లేవడం చూసి ఉంటారు. అవి జైలేరియా రకం శిలీంధ్రాలు. చెదలు ఉన్నన్ని రోజులు వాటిని అణిచి ఉంచుతాయి, కాపలా పోగానే తలెత్తుతాయి. అది కనిపించిన చోట ఇక పుట్టగొడుగు కోసం చూడక్కర్లేదు.

మీరు ఇంకో మాట అడిగారు, ఎన్ని కోసుకోవచ్చు అని. నా పద్ధతి చెప్తాను: బాగా విచ్చుకుని అంచులు చీలినవాటిని వదిలేస్తాను. వాటి రుచీ తక్కువే, పైగా బీజాలు రాల్చేది అవే. తొలి వానకు దీపం చుట్టూ మూగే ఉసిళ్లు ఉన్నాయే, మన వైపు వేయించి బొరుగుల్లో కలుపుకుని తింటారు, అవి ఈ చెదపురుగుల కొత్త రాజులు, రాణులు. జత కట్టి కొత్త గూడు మొదలుపెడతాయి. ఎక్కువ జాతుల్లో అవి పాత గూటి బూజును వెంట తీసుకుపోవు. కొత్త గూటిలో పుట్టిన తొలి కూలి చెదలు బయటికొచ్చి, నేల మీద పడిన బీజాలను మేతతో పాటు తెచ్చుకోవాలి. పుట్టగొడుగులన్నీ మొగ్గల్లోనే ఊడ్చేస్తే వాటికి దొరికేది ఉండదు.

పెరట్లో పెంచలేమా అంటే, లేదు. ముత్యపు చిప్ప పుట్టగొడుగు, పాల పుట్టగొడుగు, బటన్ వరిగడ్డి మీదో, ఎరువు మీదో వస్తాయి. ఈ రెండింటికి బతికున్న చెదల గూడు కావాలి. బూజును సీసాలో పెంచవచ్చు, గొడుగు రాదు. ‘పుట్ట పుట్టగొడుగు విత్తనం’ అని ఎవరైనా ప్యాకెట్టు అమ్మితే డబ్బులు జేబులో పెట్టుకోండి.

తలకోన, మామండూరు వైపు అడవిలో కోసుకోవచ్చా అని కింద ఇంకొకరు అడిగారు. శేషాచలంలో చాలా భాగం శ్రీవేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం కిందికి వస్తుంది. అక్కడ ఫొటో తీసుకోండి, కోయకండి. మీ సొంత తోపు, చెనిక్కాయ చేను గట్టు, తెలిసినవాళ్ల పొలం చాలు.

వండే విషయంలో పెద్దవాటికి చెప్పేదేమీ లేదు, తోక గట్టి భాగం కోసేసి, రేకుల్లో మట్టి దులిపి, మీ ఇంటి పులుసు చేసుకోండి. చిన్నవాటితోనే పని. ముద్ద నలుసులు, ఇసుక కాళ్లకు అంటుకుని వస్తాయి. కోసేటప్పుడే కత్తెరతో కాడ కింది భాగం అక్కడే వదిలేస్తే ఇంటికొచ్చాక సగం పని తగ్గుతుంది. నీళ్లలో నానబెట్టకండి, వెడల్పు గిన్నెలో వేసి రెండు మూడుసార్లు వేగంగా ముంచి తీయండి. రెండింటినీ కోసిన రోజే వండాలి, ఫ్రిజ్‌లో పెట్టినా మర్నాటికి పెద్దది మెత్తబడుతుంది, చిన్నది నీరు కారుతుంది. కొత్త జాతి ఏదైనా మొదటిసారి కొద్దిగా తిని చూడండి, పిల్లలకు ఆ రోజు పెట్టొద్దు.

ఈసారి వచ్చినప్పుడు పై నుంచి తీసిన ఫొటో ఒక్కటే కాకుండా, రేకులు కనిపించేలా కింద నుంచి ఒకటి, నిలువుగా చీల్చి ఒకటి, అడుగు దాకా తీసిన కాడ పక్కన స్కేలు పెట్టి ఒకటి, అచ్చు కాగితం ఒకటి పెట్టండి. అప్పుడు క్లిపియాటస్ ఉందేమో కూడా చూసి చెప్తాను.